టెక్ సందేహాలు: కాటా చీటీలో అంకె ఎటు పోయింది?

ప్రశ్న: మాది ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు. లారీ కాటా ఇండికేటర్‌ను పాత పీసీలో కామ్1 అనే సీరియల్ పోర్టుకు కలిపాం. చీటీలు కొట్టే సాఫ్ట్‌వేర్ విండోస్ 98లో తప్ప నడవదు. బేళ్లు తూచే చిన్న కాటా కోసం ఈమధ్య సెకండ్‌హ్యాండ్ ఐఎస్ఏ (పాతరకం స్లాట్) పోర్టు కార్డు వేయించి, దాన్ని కామ్3 చేశాం. అప్పట్నుంచి ఇండికేటర్ మీద 18460 ఉంటే చీటీలో ఒక్కోసారి 1860 పడుతోంది. కేబుల్ మార్చినా అంతే.
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఇది సరయ్యేదాకా ప్రతి చీటీనీ ఇండికేటర్‌తో సరిచూశాకే రైతు చేతికివ్వండి. ఆయనకొచ్చే డబ్బంతా ఆ అంకె మీదే ఉంది.

కేబుల్‌లోనో, బాడ్ రేటు (డేటా పంపే వేగం)లోనో తేడా ఉంటే పిచ్చి అక్షరాలు వస్తాయి. మీకు 4 ఒక్కటే పోయింది, మిగతా అంకెలు శుభ్రంగా ఉన్నాయి. అంటే ఇండికేటర్ పంపింది, పీసీ సమయానికి అందుకోలేదు. నా అనుమానం ఆ కొత్త కార్డు మీదే. పోర్టు ప్రాసెసర్‌ను పిలిచే లైనును ఐఆర్‌క్యూ అంటారు. మామూలుగా కామ్1, కామ్3 రెండింటికీ ఐఆర్‌క్యూ 4. కామ్2, కామ్4లకు ఐఆర్‌క్యూ 3. ఐఎస్ఏ కార్డులు ఈ లైనును పంచుకోలేవు. ఒకే గంటకు రెండు తాళ్లు కట్టారనుకోండి. ఒకరు తాడు లాగి పట్టుకునే ఉంటే, రెండోవారు ఎంత లాగినా గంట మోగదు. బేళ్ల కాటా లైను పట్టుకున్న క్షణంలో లారీ కాటా పిలుపు ప్రాసెసర్‌కు వినపడదు.

ఆ క్షణం ఎంతో చూడండి. 9600 బాడ్‌లో ఒక్కో అక్షరానికి 10 బిట్లు, అంటే సుమారు 1 మిల్లీసెకను. 8250, 16450 లాంటి పాత చిప్‌లు వచ్చిన అక్షరాన్ని ఒక్కటే దాచగలవు. దాన్ని తీసుకునేలోపు తర్వాతిది వస్తే ముందుది పోయినట్టే. 16550ఏ చిప్ 16 అక్షరాలు దాస్తుంది.

పీసీ ఆపి, కార్డు బయటికి తీసి, జంపర్‌ను (లైను ఎంచుకునే చిన్న క్లిప్పు) ఐఆర్‌క్యూ 5కు మార్చండి. సౌండ్ కార్డు ఉంటే 5ను అదే వాడుతుండొచ్చు, ముందే చూసుకోండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో కామ్3 రిసోర్సెస్‌కు వెళ్లి అక్కడా 5 అనే పెట్టాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు: జంపర్ కార్డు ఏ లైను మీద ఉందో విండోస్ తనంతట తాను కనిపెట్టలేదు. మీరు చెప్పిందే నమ్మి, గొడవేమీ లేదని చూపిస్తుంది. కామ్1 పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ తెరిచి, ఫైఫో బఫర్స్‌కు (చిప్‌లో అక్షరాలు దాచే చోటు) టిక్ పెట్టండి. చిప్ 16550ఏ అయితేనే దాంతో ఫలితం.

సాఫ్ట్‌వేర్ రాసినతను దొరికితే ఇంకొకటి అడగండి. అక్షరాల లెక్క తగ్గిన బరువును వదిలేసి, వరుసగా మూడుసార్లు ఒకే బరువు వస్తేనే చీటీ కొట్టేలా మార్చమనండి. జంపర్ మార్చినా ఇది మాత్రం చేయించాల్సిందే.

ప్రశ్న: యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్‌కూ ఈ ఐఆర్‌క్యూ తంటా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఉండదు. దానికి వేరే ఐఆర్‌క్యూ అక్కర్లేదు. కానీ పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదాకు యూఎస్‌బీని ఆపేసే టిక్ ఉంటే తీసేయండి. కన్వర్టర్‌ను ఎప్పుడూ ఒకే సాకెట్‌లో పెట్టండి. సాకెట్ మారితే కామ్ నంబరూ మారొచ్చు, అప్పుడు సాఫ్ట్‌వేర్ పాత నంబరు దగ్గరే ఎదురుచూస్తూ కూర్చుంటుంది.