క్షమించానంటున్నా కోపం పోవట్లేదు: సమాధానం

పండుగ లెక్కల్లో మీరు డబ్బు వాడుకున్నారని, మీతో కలిసి చర్చి కానుకలు లెక్కపెట్టే ఆయన విచారణ (మన కతోలిక చర్చి పరిధిలోని సంఘం) సభలో అందరి ముందూ అనేశారని, లెక్క సరిపోయాక కూడా నోరు విప్పలేదని, అప్పటినుంచి మీరు సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోవట్లేదని రాశారు. ముందు ఆ మానేయడం ఆపండి. ఆయన్ని చూడగానే ఒళ్లు మండటం దానంతట అదే పాపం కాదు. గాయం బాధించకుండా చేసుకోవడం, మర్చిపోవడం మన చేతుల్లో లేవని కతోలిక శ్రీసభ బోధనల గ్రంథం సత్యోపదేశం 2843వ పేరాలోనే ఉంది. ఆయనకు కీడు జరగాలని కోరుకుంటుంటే మాత్రం పాపసంకీర్తనంలో, అంటే గురువుగారి (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పుకోండి.

ఒక మెలిక ఉంది. గొడవ తీర్చమని గురువుగారిని పాపసంకీర్తనంలో అడగొద్దు. అక్కడ విన్న పాపాలను గురువుగారు పరిపాలనకు వాడుకోకూడదని శ్రీసభ చట్టంలోని కానన్ (నియమం) 984 కట్టడి. విడిగా ఆఫీసులో మాట్లాడండి. ప్రతి విచారణలోనూ ఆర్థిక మండలి ఉండి తీరాలి (కానన్ 537). లెక్క సరిపోయిందని వాళ్లచేత తర్వాతి సభలో చదివించమనండి. మాట పడింది నలుగురిలో కదా, తుడవాల్సిందీ అక్కడే. దీన్ని కక్ష అనేవాళ్లు ఉంటారు, పట్టించుకోకండి.

దానికన్నా ముందు మత్తయి సువార్త 18:15 ప్రకారం ఆ మాట అన్నాయన్ని ఒంటరిగా కలవండి. గానబృందాన్ని వెంటేసుకుని వెళ్లొద్దు. "మీరన్న మాట మా పిల్లలు కూడా విన్నారండీ" అని చెప్పి ఆగండి. మొండికేస్తే వాదించక్కర్లేదు, లేచి వచ్చేయండి. క్షమించినంత మాత్రాన మళ్లీ ఆయనతో కూర్చుని కానుకలు లెక్కపెట్టాలనేమీ లేదు. పూజలో ఒకరికొకరు సమాధానం (శాంతి) ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పక్కనే ఉంటే ఆయనకూ ఇవ్వండి. దూరంగా ఉంటే వెతుక్కుంటూ వెళ్లనక్కర్లేదు, దగ్గరున్నవాళ్లకు ఇస్తే చాలు.