సంఘం బాధ్యత తీసుకున్న మేనకోడలికి

అమ్మాయీ,

నిన్ను ఉద్యోగుల సంఘం మండల శాఖ కార్యదర్శిగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ గొంతులో సంతోషం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. "ఉద్యోగం చేసుకోక దానికెందుకన్నయ్యా ఈ సంఘాలు?" అంది. నేను ముప్పై ఆరేళ్లు ట్రెజరీలో పనిచేశాను. అందులో ఇరవై ఏళ్లకు పైగా సంఘంలో ఏదో ఒక బాధ్యత మోశాను. వద్దని నీకు నేను చెప్పలేను, చెప్పను కూడా. ఎలా చేయాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు మనకు ఏ హక్కు లేదో తెలుసుకో. ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి కార్మిక చట్టం ఉంది. నోటీసు ఇచ్చి సమ్మె చేయవచ్చు, యాజమాన్యంతో కూర్చుని ఒప్పందం రాసుకోవచ్చు, ఆ ఒప్పందానికి చట్టబలం ఉంటుంది. ఆఫీసులో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగికి అదేమీ లేదు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి సమ్మె చేయవద్దనే చెబుతుంది. 2003లో తమిళనాడులో ఉద్యోగులు, ఉపాధ్యాయులు సమ్మెకు దిగితే అక్కడి ప్రభుత్వం దాదాపు 1 లక్షా 70 వేల మందిని ఒక్కసారిగా తీసేసింది. విచారణ లేదు, వివరణ అడగడం లేదు. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్తే, ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే హక్కు రాజ్యాంగం ప్రకారం గానీ, చట్టం ప్రకారం గానీ, నైతికంగా గానీ లేదని కోర్టు చెప్పింది. రంగరాజన్ కేసు అంటారు దాన్ని. చాలామందిని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు కానీ ఆ తీర్పు అలాగే ఉంది. నువ్వు సమ్మె నోటీసు మీద సంతకం పెట్టే రోజు వస్తే, ఈ తీర్పు మన వాళ్లందరికీ చదివి వినిపించి, ఆ తర్వాతే పెట్టు. తెలియకుండా ఎవరినీ ప్రమాదంలోకి తీసుకెళ్లకూడదు.

ఉన్న హక్కు కూడా తెలుసుకో. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో, శాంతియుతంగా ప్రదర్శన చేయకుండా ప్రభుత్వ ఉద్యోగిని పూర్తిగా నిషేధించే నియమం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో సమ్మెకు మాత్రం హక్కు లేదని కూడా చెప్పింది. నల్ల బ్యాడ్జీ, భోజన విరామ సమయంలో నినాదాలు, సెలవు రోజు ధర్నా, మన పోరాటాలు ఇలాగే మొదలవడానికి ఒక కారణం అదే.

కేంద్ర ఉద్యోగులకు 1966 నుంచి ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగం ఉంది. జీతభత్యాలు, పనిగంటలు, సెలవుల మీద తేల్చుకోలేకపోతే మధ్యవర్తికి పంపే ఏర్పాటు కూడా అందులో ఉంది. మన రాష్ట్రంలో అలాంటి మండలి పేరుకు ఉన్నా, పెద్ద విషయాల మీద మంత్రుల కమిటీ పిలిస్తేనే చర్చ. సంఘాల స్వేచ్ఛ, సమష్టి బేరసారాల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 87, 98 నంబరు ఒప్పందాలను భారతదేశం ఇప్పటికీ ఆమోదించలేదు. అందుకు మన ప్రభుత్వాలు చెబుతూ వచ్చిన కారణం మనమే. అవి ఒప్పుకుంటే ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె హక్కు, విధానాలను బహిరంగంగా విమర్శించే హక్కు ఇవ్వాల్సి వస్తుందని.

మరి ఏ బలంతో బేరమాడుతున్నాం? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లు వేధించింది. పీఆర్సీల, అంటే జీతాలు సవరించే వేతన సవరణ కమిషన్ల లెక్కలు చూడు. పదో పీఆర్సీకి కమిషన్ 29 శాతం ఫిట్‌మెంట్, అంటే మూలవేతనం మీద పెంపు, అంది. 2015లో ఆంధ్ర, తెలంగాణ రెండూ 43 శాతం ఇచ్చాయి. తెలంగాణ తొలి పీఆర్సీ 7.5 శాతం చాలంది. 2021 మార్చిలో, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు అయిన కొద్ది రోజులకే, 30 శాతం ప్రకటించారు. 2022 జనవరిలో ఆంధ్రలో మాత్రం అశుతోష్ మిశ్రా కమిషన్ 27 అంటే ప్రభుత్వం 23 ఇచ్చింది. అప్పటికే మనం తీసుకుంటున్న ఐఆర్ 27 శాతం. అంటే మధ్యంతర భృతి కన్నా ఫిట్‌మెంట్ తక్కువ.

ఈ అంకెల్లో ధరల లెక్క కన్నా ఆ రోజు రాజకీయమే ఎక్కువ కనిపిస్తుంది. మన అవసరం ఉందనుకున్నప్పుడు కమిషన్ చెప్పిన దానికన్నా ఎక్కువ ఇచ్చారు, లేదనుకున్నప్పుడు తక్కువ ఇచ్చారు. ఎన్నికల గాలి మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒక్కటే, మన కౌంటర్ దగ్గరకు వచ్చే మనిషి మన గురించి ఏమనుకుంటున్నాడన్నది. మనకు చట్టం ఇవ్వని బలం వాళ్ల దగ్గర నుంచే రావాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇది నాకు ఒక ముసలమ్మ నేర్పింది. 1986 సమ్మెలో నేను సబ్ ట్రెజరీలో జూనియర్‌ని. ఆఫీసు మెట్ల మీద కూర్చుని నినాదాలు ఇస్తున్నాం. నెల మొదటివారం. కుటుంబ పెన్షన్ కోసం దూరపు పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచి వచ్చింది. భర్త మన శాఖలోనే అటెండరుగా పనిచేసి పోయాడు. "సమ్మె అమ్మా, అయ్యాక రా" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. పెన్షన్ పుస్తకం కొంగులో కట్టుకుంటూ, "మీకు జీతం చాలక కూర్చున్నారా నాయనా, నేను మీ జీతంలో ఎన్నో వంతు తీసుకుంటానో తెలుసా?" అంది. తెలిసీ నేను సమాధానం చెప్పలేదు. ఆవిడ అలాగే తిరిగి వెళ్లిపోయింది. మన వాడి భార్యే, మన మనిషే. ఆవిడకు మనం ఎందుకు కూర్చున్నామో చెప్పే ప్రయత్నం కూడా చేయలేదు నేను. ఇన్నేళ్లయినా ఆ మాట నా చెవిలోనే ఉంది.

ఆ తర్వాత మా యూనిట్‌లో ఒక పద్ధతి పెట్టాం. పెన్ డౌన్, అంటే ఆఫీసుకు వచ్చి పని ఆపడం, అయినా సరే, పెన్షన్ పనికి ఇద్దరం వంతుల వారీగా కూర్చునేవాళ్లం. కార్యాచరణ మొదలయ్యే వారం ముందే, ఏ రోజు ఏ పని ఆగుతుందో బోర్డు మీద తెలుగులో రాసి పెట్టేవాళ్లం. కొందరు నాయకులు మమ్మల్ని తిట్టారు, సమ్మెను నీరుగారుస్తున్నామన్నారు. కానీ ఆ ఊళ్లో మా మీద ఎవరూ రాయి వేయలేదు. ఒక ధర్నాకు ఆటోవాళ్లు వచ్చి మజ్జిగ ప్యాకెట్లు పంచారు.

2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికుల సమ్మె గుర్తుందా? దాదాపు 48 వేల మంది. అక్టోబర్ 5న మొదలై నవంబర్ 25న విరమించారు, 52 రోజులు. వాళ్లకు కార్మిక చట్టం ఉంది, మనకన్నా గట్టి హక్కులున్నాయి. అయినా ప్రభుత్వం వాళ్లంతట వాళ్లే ఉద్యోగం వదులుకున్నట్టేనంది. జీతం లేదు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్లను తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వాళ్ల డిమాండ్లు న్యాయమైనవే. ప్రభుత్వంలో విలీనం అన్న వాళ్ల ప్రధాన కోరిక మీద చివరికి 2023లో అక్కడి శాసనసభే బిల్లు ఆమోదించింది. కానీ సమ్మె మొదలైంది దసరా ముందు. ఊరికి వెళ్లలేక బస్టాండులో పిల్లలతో నిలబడ్డ వాళ్లను మొదటి మూడు రోజుల్లోనే దూరం చేసుకున్నారని నా అభిప్రాయం. పండగ ముందు ఆపితే ప్రభుత్వం దిగివస్తుందనుకోవడం సహజమే. కానీ ఆ రోజుల్లో ఇబ్బంది పడేది ప్రభుత్వం కాదు.

ఇక చర్చలకు పిలిచినప్పటి సంగతి. 2022లో ఆంధ్రలో జరిగిన పీఆర్సీ గొడవ నుంచి నువ్వు నేర్చుకోవలసింది చాలా ఉంది. జనవరి 7న ముఖ్యమంత్రి 23 శాతం ప్రకటించినప్పుడు నాయకులు ఒప్పుకుని బయటకు వచ్చారు. 17న జీవోలు వచ్చాక చూస్తే ఇంటి అద్దె భత్యం స్లాబులు తగ్గి ఉన్నాయి. అప్పుడు గొడవ మొదలైంది. ఫిబ్రవరి 3న చలో విజయవాడకు వేల మంది వచ్చారు. అంతమంది వస్తారని మేమే అనుకోలేదు. సమ్మె మొదలు కావలసిన ముందు రోజుల్లో, 5న, మంత్రుల కమిటీతో ఒప్పందం కుదిరింది. ఇచ్చిన ఐఆర్‌ను వెనక్కి తీసుకోబోమన్నారు, అద్దె స్లాబులు కొంత మార్చారు. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఆగింది. ఉపాధ్యాయ సంఘాలు ఒప్పుకోలేదు. రోడ్డు మీద కలిసి నడిచినవాళ్లు మూడు రోజులకే ఒకరినొకరు ద్రోహులన్నారు.

అందుకని, చర్చకు వెళ్లే ముందే సర్వసభ్య సమావేశం పెట్టు. ఎంత వస్తే ఒప్పుకుంటాం, ఏది వదులుకుంటాం, సంతకం ఎవరు పెడతారు, ఈ మూడూ అక్కడ తేల్చి మినిట్స్ పుస్తకంలో రాయించు. లోపల మాట మారితే బయటకు వచ్చి సభ్యులను అడిగాకే సంతకం. జీవో చేతికి వచ్చేదాకా దండలు, శాలువాలు, స్వీట్లు వద్దు. నివేదిక చూడకుండా అంకె మీద మాట్లాడవద్దు. ఆనాడు కమిషన్ నివేదిక బయట పెట్టండని అడగడమే ఒక డిమాండ్ అయింది. ప్రభుత్వం 10,247 కోట్ల భారం అని ఒక అంకె చెప్పింది, అది జనానికి గుర్తుండిపోయింది. మనం స్లాబులు, స్లాబుల్లో సీలింగులు అంటూ మాట్లాడాం, ఎవరికీ అర్థం కాలేదు. మీ గ్రామ సచివాలయం వాళ్ల కథ నువ్వే చెప్పవచ్చు. 2019 అక్టోబర్‌లో చేరి, 15 వేల జీతంతో రెండేళ్లన్న ప్రొబేషన్ 2022 జూన్ దాకా సాగితే ఇంటి ఖర్చు ఎలా గడిచిందో చెబితే కూలికి వెళ్లేవాళ్లకు కూడా అర్థమవుతుంది.

మనకు ఎదురు మాట్లాడేవాళ్లను శత్రువులుగా చూడకు. వాళ్లు అడిగే ప్రశ్నల్లో ఒకటి నిజంగా బరువైనది. ఫ్యాక్టరీ యజమాని ఇచ్చేది తన జేబులోంచి, ఇక్కడ ఇచ్చే మంత్రిది సొంత డబ్బు కాదు, బడ్జెట్ చివరికి జనానిది, బేరంలో జనం కూర్చోలేదు కదా అంటారు. దీనికి నినాదంతో సమాధానం చెప్పలేం. జనాన్ని కూడా బేరంలో కూర్చోబెట్టడమే నాకు తోచిన సమాధానం. మీ వినతిపత్రంలో పది డిమాండ్లుంటే రెండు వాళ్ల కోసం ఉండాలి. ఖాళీ పోస్టులు నింపమని, సర్వర్ పనిచేయక సర్టిఫికెట్లు ఆగిపోతున్నాయని, సచివాలయంలో ముసలివాళ్లు కూర్చోవడానికి నాలుగు కుర్చీలు వేయమని.

లంచం విషయంలో మొహమాటపడకు. ఏసీబీకి పట్టుబడ్డ సభ్యుడికి 1991 సీసీఏ రూల్స్, అంటే క్రమశిక్షణ నియమాల ప్రకారం విచారణ సరిగ్గా జరగాలని అడుగు, అది అతని హక్కు. కానీ అతని కోసం సంఘం లెటర్‌హెడ్ మీద ఒక్క వాక్యం రాయకు. నేను ఒకసారి ఒక సహోద్యోగి కోసం రాశాను, స్నేహం కొద్దీ. ఊళ్లో రెండేళ్లు తల ఎత్తలేకపోయాం.

ఔట్‌సోర్సింగ్ అమ్మాయిలను సమావేశానికి పిలువు. ఓటు ఉండకపోవచ్చు, కుర్చీ ఉండాలి. నీ పక్కనే కూర్చుని అదే పని చేస్తూ అందులో సగం తీసుకునే మనిషిని వదిలేసి జీతం పెంచమంటే వినేవాళ్లకు వినబుద్ధి కాదు.

ఆదివారం నీ మొదటి కార్యవర్గ సమావేశం అన్నావు. మీ బావ వస్తున్నాడు కదా, అతనితో ఒక కవరు పంపిస్తున్నా. అందులో సంఘాల గుర్తింపు నియమాల కాపీ, రంగరాజన్ తీర్పు జిరాక్స్, మా పాత యూనిట్ మినిట్స్ పుస్తకం ఉన్నాయి. మినిట్స్ పుస్తకం మాత్రం చదివాక తిరిగి పంపించు. సభ్యత్వ రసీదులు నీ పేరు మీద కాకుండా కోశాధికారి పేరు మీదే కొట్టించు, డబ్బు నీ చేతికి రానివ్వకు. రాత్రి ఎనిమిది తర్వాత ఎప్పుడైనా ఫోన్ చేయి, మేలుకునే ఉంటాను. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మామయ్య