గవర్నర్ల పేర్లు రాసుకునే అబ్బాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది గుత్తి. మా అబ్బాయి బి.ఏ. హిస్టరీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ళ తాత చెప్పిన మన్రో దొర కథలతో మొదలైంది, ఇప్పుడు మద్రాసు గవర్నర్లందరి పేర్లూ సంవత్సరాలతో సహా నోటుపుస్తకాల నిండా రాసుకున్నాడు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వరా అంటే వినడు. వాళ్ళ నాన్నకీ వాడికీ రోజూ ఇదే గొడవ. ఈ చదువు కూడు పెడుతుందా సార్?

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. ముందు చేదు మాట చెప్పేస్తాను. పేర్ల జాబితా నోటికి వచ్చినంత మాత్రాన ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. అది ఫోన్‌లో అర నిమిషంలో దొరుకుతుంది. ఆ గవర్నర్ల ఆఫీసులో పుట్టిన కాగితాలను వెతికి పట్టుకుని, చదివి, అందులో ఏముందో నలుగురికీ అర్థమయ్యేలా రాయగలిగితే మాత్రం దానికి ఉద్యోగాలున్నాయి. మీవాడు అందులో మొదటి మెట్టు మీదున్నాడు. మన పని రెండో మెట్టు ఎక్కించడం.

మన్రోతోనే మొదలుపెట్టమనండి. 1800లో నిజాం దత్త మండలాలను, అంటే మన సీమ, బళ్ళారి ప్రాంతాన్ని, ఈస్టిండియా కంపెనీకి వదిలేసినప్పుడు మన్రో ఇక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. వెళ్ళేముందు ఇక్కడి శిస్తు పాతిక శాతం తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవాళ్ళు అప్పుడు ఒప్పుకోలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరై వచ్చాక గానీ ఆ తగ్గింపు అమలుకు రాలేదు. కలెక్టరు చేతిలో లేనిదేమిటి, గవర్నరు చేతిలో ఉన్నదేమిటి అన్నది ఈ ఒక్క విషయంలోనే తెలిసిపోతుంది. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. మీ గుత్తిలోనే పూడ్చారు. తర్వాత 1831లో ఆయన అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకెళ్ళారు.

వాళ్ళ తాత చెప్పిన కథలున్నాయే, తిరుమల నైవేద్యానికి మన్రో ఇచ్చాడనే గంగాళం, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చి మాట్లాడటం, సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకోవడం, వాటిని పక్కన పెట్టేయమనవద్దు. ఒక్కోదాన్ని పట్టుకుని ఇది మొదట ఎవరు రాశారు, మన్రో పోయిన ఎన్నేళ్ళకు రాశారు, ఏ కాగితంలో ఉంది అని అడగమనండి. చరిత్ర పరిశోధన అంటే ఈ పనే. ఎం.ఏ.లో, పీహెచ్.డీ.లో చేయించేదీ ఇదే.

గవర్నరు పదవిలో ఉన్నంత మాత్రాన అన్నీ ఆయన మాటే చెల్లేది కాదని కూడా వాడు చూడాలి. పక్కన కౌన్సిలు, పైన గవర్నర్ జనరల్, సముద్రం అవతల లండన్. 1776లో మద్రాసు గవర్నరు లార్డ్ పిగట్‌ను ఆయన కౌన్సిల్ సభ్యులే అరెస్టు చేయించారు. పిగట్ తంజావూరు రాజుకు రాజ్యం తిరిగి ఇవ్వడం ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చినవాళ్ళకు మింగుడుపడకపోవడమే దీనికి మూలం. పిగట్ మరుసటి ఏడాది నిర్బంధంలోనే చనిపోయాడు. జాబితాలో ఇదంతా ఒక పేరు, రెండు సంవత్సరాల అంకెలు.

మీ ఊరికి దగ్గరగా వచ్చేది ఇంకోటుంది, నన్నడిగితే వాడు పట్టుకోవాల్సింది దాన్నే. 1876-78 కరువు. అప్పుడు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్. కరువు పనుల్లో తవ్వించిన భాగం వల్లే తీరం వెంబడి కాలువకు ఆయన పేరు నిలిచింది. మొదట్లో మద్రాసు ప్రభుత్వం సొంతంగా ధాన్యం కొనిపించింది. అది వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వానికి నచ్చలేదు. ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపితే, ఆయన కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. అంటే అరకిలో కంటే తక్కువ గింజలు తిని రోజంతా రాళ్ళు కొట్టాలి. ఇది చాలదని ప్రజారోగ్యం చూసే మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు, చివరికి కూలి కొంత పెంచక తప్పలేదు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం చచ్చిపోతుంటే ఆఫీసుల మధ్య నడిచిన వాదన ఇది. ఆ ఉత్తరాలు చదివినవాడికి బకింగ్‌హామ్ అన్న పేరు ఇక వట్టి పేరుగా కనిపించదు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. గుత్తి కాగితాల కోసం అనంతపురం జిల్లా అని వెతికితే 1882కు ముందువి దొరకవు, అప్పటికి ఆ జిల్లాయే లేదు. బళ్ళారి జిల్లా అని వెతకాలి. 1808కి ముందైతే దత్త మండలాల కింద చూడాలి. ఇలాంటివి తెలిసినవాడికే ఆర్కైవ్స్‌లో, అంటే పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే చోట, పని దొరుకుతుంది.

ఇక ఉద్యోగాలు. బి.ఏ. అయ్యాక మంచి చోట ఎం.ఏ. హిస్టరీ చేయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ లాంటివాటికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ఎంట్రన్స్ రాయాలి, మన రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్. ఎం.ఏ.లో ఉండగానే యూజీసీ నెట్ అనే లెక్చరర్ అర్హత పరీక్ష రాయొచ్చు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్.డీ. చేస్తూ నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది. ఇంట్లో డబ్బుకు ఇబ్బందైతే ఇది చాలా పెద్ద ఆసరా. ఆర్కైవ్స్ వైపు వెళ్ళాలనుకుంటే ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఉంది, ఎం.ఏ. తర్వాత అక్కడ ఏడాది డిప్లొమా చేయొచ్చు. ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లూ ఎప్పుడో గానీ రావు, ఆ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పుణెలో రిజర్వ్ బ్యాంకుకూ టాటాలకూ, ముంబైలో గోద్రెజ్‌కూ సొంత ఆర్కైవ్స్ ఉన్నాయి. ఈ దారి ఒకటుందని మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

వాళ్ళ నాన్నగారు చెబుతున్న గ్రూప్స్ కూడా దీనికి అడ్డం కాదు. గ్రూప్-2 మెయిన్స్ మొదటి పేపరే ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర, భారత రాజ్యాంగం. మీవాడి నోటుపుస్తకాన్ని 1947 దగ్గర ఆపకుండా ముందుకు నడిపించమనండి. 1936లో కొన్ని నెలలు తాత్కాలిక గవర్నరుగా ఉన్న మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి గవర్నరైన చందూలాల్ త్రివేది, 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించేసిన రామ్‌లాల్, నెల తిరిగేసరికి ఎన్టీఆర్‌ను మళ్ళీ ముఖ్యమంత్రిని చేసిన శంకర్ దయాళ్ శర్మ. బ్రిటిష్ గవర్నరు పాలించేవాడు, రాజ్యాంగం ప్రకారం గవర్నరు మంత్రిమండలి సలహా మీద నడుచుకోవాలి. ఈ తేడాను 1984తో కలిపి రాయగలిగితే గవర్నరు మీద ఏ ప్రశ్న వచ్చినా వాడికి భయం ఉండదు.

ఈ వేసవి సెలవుల్లో వాడికి ఒక పని పెట్టండి. గుత్తి తాలూకాలో కరువు మీద పది పేజీలు రాయాలి. పాత కాగితాలను ఆన్‌లైన్‌లో పెట్టే నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ పోర్టల్ ఇంట్లోంచే చూడొచ్చు. తర్వాత నాలుగు రోజులు చెన్నై పంపండి, ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు రెవెన్యూ బోర్డు కాగితాలున్నాయి. వెళ్ళేముందు కాలేజీ నుంచి పరిచయ లేఖ తీసుకుని, అనుమతి సంగతి ఆఫీసుకు రాసి కనుక్కోవాలి. ఆ పాత ఇంగ్లీషు చేతిరాత చదవడం మొదట్లో కష్టమే, నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీలు చదివితే చాలు. పది పేజీలూ ఇష్టంగా రాస్తే ఎం.ఏ. ఎంట్రన్స్ ఫారం మీరే దగ్గరుండి నింపించండి. రెండు పేజీలకే విసుగొచ్చి వదిలేస్తే మూడో సంవత్సరం నుంచే గ్రూప్స్ కోచింగ్‌లో చేర్చండి, అప్పుడు వాడు కూడా కాదనడు. ఈలోగా వాళ్ళ నాన్నగారిని ఆ నోటుపుస్తకాలు ఒకసారి తిరగేసి, మన్రో గురించి వాడినే అడిగి చెప్పించుకోమనండి.