నంబర్లకు పేర్లు పెట్టడం కూడా ఒక చదువేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ అయ్యాక అమీర్‌పేటలో సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ కోర్సు) నేర్చుకుంటున్నాడు. వారంగా ఐపీ అడ్రస్‌లకు, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్లకుండే నంబర్లకు, పేర్లు పెట్టడమే చెబుతున్నారట. మానిపించి క్లౌడ్ సెక్యూరిటీలో చేర్చమంటారా? రెండింట్లో ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ దిగులు కోర్సు గురించి కాదండీ. కట్టిన ఫీజు, పక్కింటి కుర్రాడికొచ్చిన ఆఫర్ లెటర్ మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, కోర్సు పేరే మారుతుంది.

ఒక ఆఫీసులో జీతాల సర్వర్ అడ్రస్ 10.20.4.15 అనుకోండి. ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో చూసే ఫైర్‌వాల్‌లో నలభై రూల్స్‌లో ఆ అంకెలే కొట్టి పెడితే, సర్వర్ మారిన రోజు నలభై చోట్లా వెతికి దిద్దాలి. దానికి 'పేరోల్' అని ఒక ఆబ్జెక్ట్ పెట్టుకుంటే ఒక్కచోట దిద్దితే సరి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న కొత్తవాడికి కూడా ఆ రూల్ ఎందుకుందో చూడగానే తెలుస్తుంది. ఒకప్పుడు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ చూసుకునే ఒక్క ఫైల్లోనే ఉండేవి. ఆ పద్ధతితో ఇక నెట్టుకురాలేకే 1983లో పాల్ మొకపెట్రిస్, పేరు చెబితే అడ్రస్ వెతికిచ్చే డీఎన్ఎస్‌ను రూపొందించారు.

క్లౌడ్‌లో మాత్రం? అక్కడ అడ్రస్‌లు నిలకడగా ఉండవు, పేర్లే దిక్కు. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్‌లో డైనమోడీబీ అనే డేటాబేస్ సర్వీసు పేరుకున్న డీఎన్ఎస్ రికార్డు ఖాళీ అయిపోయి ఎన్ని యాప్‌లు పడకేశాయో గుర్తుందా?

మూడు నెలల సెక్యూరిటీ కోర్సులంటే నాకు మొదటినుంచీ అనుమానమే. నెట్‌వర్క్ కట్టడం రానివాడు దానికి కాపలా ఏం కాస్తాడు? మొన్న ఒకమ్మాయి మూడు సర్టిఫికెట్లతో వచ్చింది. "అంకెలు కొడితే పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే కమాండ్) వెళ్తోంది, పేరు కొడితే వెళ్లట్లేదు. ముందు ఏం చూస్తావమ్మా?" అన్నాను. తలదించుకుంది. ముందు డీఎన్ఎస్ చూడాలని, పాపం, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఇంజినీరింగ్ అయిపోయినవాడి కోర్సు మీరు మార్చడమేంటి? ఇంత రాశారు, వాడికేది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు!

మొదట్లో నైట్ షిఫ్టులుంటాయి, జీతం తక్కువే. అయినా ఇది పూర్తిచేయనివ్వండి. తర్వాత లినక్స్, ఆపైన క్లౌడ్. కంగారేం లేదు, ఏ బస్సూ తప్పిపోలేదు.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఒకటి అడగండి: సిస్కో రౌటర్‌లో కమాండ్ తప్పు కొడితే అది కాసేపు ఎందుకు బిగుసుకుపోతుందని. ఆ తప్పు మాటను ఏదో మెషీన్ పేరనుకుని రౌటర్ దాని అడ్రస్ కోసం వెతుకుతూ ఉంటుంది. మీవాడు నవ్వుతూ, ఆ వెతుకులాటను ఆపే కమాండ్ 'నో ఐపీ డొమైన్ లుకప్' అన్నాడంటే, ఆ ఫీజు గురించి మళ్లీ నాకు రాయకండి.