సర్జన్ భర్త నోరు విప్పడం లేదు, టూర్‌కి తీసుకెళ్తే చాలా?

ప్రశ్న: మావారు ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ సర్జన్. నాలుగు నెలల క్రితం ఆపరేషన్ తర్వాత ఓ పేషెంట్ చనిపోయారు. అప్పటి నుంచి ఇంట్లో మాటల్లేవు, పిల్లల్ని విసుక్కుంటున్నారు. ‘ఈ వృత్తి వదిలేస్తా’ అంటున్నారు. ఓ వారం టూర్‌కి తీసుకెళ్తే మామూలవుతారా?
– ఓ సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆయన విసుగు మీ మీదా, పిల్లల మీదా కాదు. ఇంటికి చేరేసరికే ఓపికంతా అయిపోతోంది. పగలంతా ఆపరేషన్లు, సాయంత్రం ఓపీ, అర్ధరాత్రి పేగుకి చిల్లు పడిందనో యాక్సిడెంట్ కేసనో ఫోను, తెల్లారితే మళ్లీ అదే థియేటరు. ఇదంతా ఒక ఎత్తు, పేషెంట్ పోవడం ఒక ఎత్తు. బయట నిలబడ్డ బంధువులకు ఆ మాట ఆయనే చెప్పాలి, కేస్ షీట్ రాయాలి, వెంటనే ఇంకో కేసుకి చేతులు కడుక్కోవాలి. ఇక బాధపడే తీరికెక్కడిది?

పని ఒత్తిడితో మనిషి ఇలా పూర్తిగా అలసి, విసిగిపోవడాన్ని బర్నవుట్ అంటారు. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాదు, పనిచోట ఒత్తిడిని సరిదిద్దకపోవడం వల్ల వచ్చే స్థితిగా చెప్పింది. అందుకే టూర్ మంచిదే గానీ, తిరిగొచ్చాక అవే డ్యూటీలుంటే పది రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. రాత్రి ఎమర్జెన్సీ చేస్తే మర్నాడు పొద్దున పెద్ద ఆపరేషన్లు పెట్టకూడదని, ఫోన్ వస్తే వెళ్లాల్సిన ఆన్‌కాల్ డ్యూటీని ఇంకో సర్జన్‌తో పంచుకుంటానని మేనేజ్‌మెంట్‌తో ఆయన గట్టిగా మాట్లాడాలి. ఆదాయం కొంత తగ్గొచ్చు. ‘తగ్గినా సర్దుకుందాం’ అని ముందు మీ నోటితో మీరు అనండి, చాలామంది డాక్టర్లు ఈఎంఐలకు భయపడే ఆ మాట ఎత్తరు.

చనిపోయిన పేషెంట్ గురించి తనకు నమ్మకమున్న సీనియర్ సర్జన్‌తో మనసు విప్పి మాట్లాడమనండి, ఆ కేసులో ఏం జరిగిందో తెలిసి వినగలిగేది వాళ్లే. మీతో చెబితే మాత్రం వెంటనే ‘మీ తప్పేం లేదులెండి’ అనేయకండి, అక్కడితో ఆయన నోరు మూతపడుతుంది. పూర్తిగా చెప్పనివ్వండి. వృత్తి వదలాలా వద్దా అన్నది నిద్ర కుదుటపడ్డాకే తేల్చుకోవచ్చు.

సైకియాట్రిస్ట్ దగ్గరికెళ్తే తోటి డాక్టర్లకు తెలుస్తుందని జంకితే విజయవాడలోనో హైదరాబాద్‌లోనో చూపించుకోండి. వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. కానీ నిద్రమాత్రలు తనంతట తాను వేసుకుంటున్నా, తాగుడు పెరిగినా, ‘నేను లేకపోయినా మీకు ఫర్వాలేదు’ లాంటి మాట వచ్చినా రేపటిదాకా ఆగొద్దు, మందులు ఆయన చేతికి సులువుగా అందుతాయి కదా. అప్పుడు ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.