ఆర్‌సీలో హైపోథికేషన్ ఉంటే బండి బ్యాంకుదేనా?

లోన్ తీరినా ఆర్‌సీలో హైపోథికేషన్ అనే ఉంది, బండి ఇంకా బ్యాంకుదేనా అని అడిగారు కదండీ. కాదు, మీదే. నగలు కుదువపెడితే షావుకారు బీరువాలోకి పోతాయి. హైపోథికేషన్‌లో వస్తువు మన దగ్గరే ఉంటుంది, అప్పిచ్చినవాళ్లకు దానిమీద హక్కు మాత్రం ఉంటుంది. బ్యాంకుల బాకీల వసూలు కోసం వచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం చెప్పేదీ ఇదే: స్వాధీనం ఇవ్వకుండా చరాస్తి మీద కల్పించే హక్కు. హైపోథికేషన్ అనే మాట గ్రీకుది, ‘కింద పెట్టడం’ అని అర్థం. ప్రాచీన ఏథెన్స్‌లో తాకట్టు పొలం రైతు చేతిలోనే ఉండేది, అప్పు వివరం చెక్కిన రాయిని పొలంలో పాతేవారు.

అప్పు తీరినంత మాత్రాన ఆర్‌సీలో ఆ మాట దానంతటదే పోదు. బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), మీ సంతకం, బ్యాంకు సంతకం ఉన్న ఫారం 35 (హైపోథికేషన్ ముగిసిందని తెలిపే ఫారం) రెండు ప్రతులు తీసుకుని ఆర్టీవో ఆఫీసులో ఇవ్వండి. ఆలస్యం చేయొద్దు, రేపు బండి అమ్మాలంటే పేరు మార్పు ఇక్కడే ఆగిపోతుంది.