బాండు పేపర్ మీద సంతకం పెట్టినంత మాత్రాన బిడ్డ హక్కు పోదు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బాబుకు పదకొండేళ్లు. బుద్ధిమాంద్యం, సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 65 శాతం అని రాశారు. ఊరి బడిలో వద్దన్నారని నల్లగొండ వైపు ఒక స్పెషల్ స్కూల్ హాస్టల్లో వేశాం. పండక్కి తీసుకొస్తే చేతుల మీద, పిక్కల మీద వాతలు తేలి ఉన్నాయి. అడిగితే, చేర్పించేటప్పుడు 'ఏం జరిగినా మాకు సంబంధం లేదు' అని మాతో సంతకం పెట్టించుకున్న బాండు పేపర్ చూపిస్తున్నారు. ఇక మేం ఏం చేయలేమా?

జవాబు: చేయగలరమ్మా. ఆ పేపర్ చూసి టెన్షన్ పడకండి. పిల్లాడిని హింసించుకోమని రాసిచ్చే అధికారం కన్నవాళ్లకే లేదు, అలాంటప్పుడు ఆ సంతకానికి విలువేముంటుంది? చట్టవిరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్‌లోనే ఉంది.

వాతలు మానిపోక ముందే ఇవాళే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టర్ అడిగితే మొహమాటపడి 'ఎక్కడో పడ్డాడు' అనకండి, హాస్టల్ నుంచి వచ్చేసరికి ఇలా ఉన్నాడని చెప్పి, అదే మాట చీటీలో రాయించుకోండి. ఒళ్లంతా చూడమని కూడా అడగండి. ఇంకేదైనా అఘాయిత్యం జరిగిందని అనుమానం వస్తే అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసవుతుంది. ఫొటోలు తీసి మీ వాళ్లలో ఒకరిద్దరికి పంపి ఉంచండి.

తర్వాత పోలీస్ స్టేషన్. హాస్టల్ ఉన్న ఊరికే వెళ్లాలని లేదు, నేరం ఎక్కడ జరిగినా మీకు దగ్గర్లోని స్టేషన్లో ఫిర్యాదు తీసుకోవాల్సిందే. పిల్లల సంరక్షణ బాధ్యత తీసుకున్న సంస్థలో పనిచేసేవాళ్లు బిడ్డను హింసిస్తే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చాలామందికి తెలియని దారి ఇంకోటుంది: 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ కింద ఆర్డీవోకు నేరుగా అర్జీ ఇవ్వొచ్చు, బిడ్డ రక్షణకు ఆయన వెంటనే చర్య తీసుకోవాలి. రాత్రయినా పగలయినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

వాడికి మాటలు సరిగా రాకపోతే, ఎవరు నమ్ముతారని మీకు అనిపించొచ్చు. సైగలతో చెప్పినా కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది, స్పెషల్ ఎడ్యుకేటర్ సాయంతో, వీడియో తీస్తూ.

లాయరు ఫీజు గురించి ఆలోచించకండి. దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఇక చదువు. ఊరి బడిలో వద్దనడమే అసలు తప్పు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా చదువు ఉచితం, అది దగ్గరి బడిలోనా స్పెషల్ స్కూల్లోనా అన్నది మీ ఇష్టమని దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. హెడ్‌మాస్టర్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి, కాదంటే కాదనే రాసిమ్మనండి. మీ మండలంలో భవిత కేంద్రం (దివ్యాంగ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ఎక్కడుందో కూడా కనుక్కోండి.

నన్నడిగితే బాబును మళ్లీ ఆ హాస్టల్‌కు పంపొద్దు. అక్కడున్న మిగతా పిల్లల తల్లిదండ్రులు తెలిస్తే వాళ్లకూ చెప్పండి, ఒకసారి వెళ్లి బిడ్డల చొక్కా విప్పి చూసుకోమనండి.